క్లయింటు ఒక్కటే చాలా?

మొదటివారు: డేటాబేస్ వేరే మిషన్‌లో ఉంది. నాకు కావలసింది దానికి కనెక్టయి నాలుగు క్వెరీలు నడపడం, అప్పుడప్పుడు ఒక డంప్ తీసుకోవడం. పీఎస్‌క్యూఎల్ అనే కమాండ్‌లైన్ క్లయింటు, దాని పక్కన పీజీడంప్ ఉంటే ఆ పని అయిపోతుంది. అయినా చాలామంది ఉబుంటులో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అన్న పేరు కనిపించగానే ఆ ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేసేస్తారు. ఆ ఒక్క కమాండ్‌తో సర్వర్ దిగుతుంది, పోస్ట్‌గ్రెస్ అనే సిస్టమ్ యూజర్ పుడతాడు, డేటా డైరెక్టరీ ఏర్పడుతుంది, మెయిన్ అనే క్లస్టర్ తయారై 5432 పోర్టు మీద నడవడం మొదలెడుతుంది. మిషన్ ఆన్ చేసిన ప్రతిసారీ అదీ లేస్తుంది. క్లయింటు ప్యాకేజీని విడిగా అడిగి ఉంటే వీటిలో ఒక్కటీ వచ్చేది కాదు. రెడ్‌హ్యాట్‌లో పద్ధతి దీనికి తలకిందులు. అక్కడ అదే పేరుతో అడిగితే వచ్చేది క్లయింటు. సర్వర్ కావాలంటే వేరే ప్యాకేజీ తెచ్చుకోవాలి, తెచ్చుకున్నాక కూడా డేటా డైరెక్టరీని మన చేత్తో తయారుచేస్తే గానీ అది నడవదు. నాకు ఆ పద్ధతే సరైనదనిపిస్తుంది. సర్వర్ అనేది తెలిసి, కావాలని తెచ్చుకోవలసిన వస్తువు.

రెండోవారు: యాప్ నడిచే మిషన్లలో, కంటైనర్ ఇమేజీల్లో, రాత్రిపూట బ్యాకప్ తీసే మిషన్‌లో అక్కర్లేని సర్వర్ ఉండకూడదంటే నాకు అభ్యంతరం లేదు. మనిషి కూర్చుని పనిచేసే ల్యాప్‌టాప్ సంగతి వేరండీ. మీరు చెప్పిన భారమంతా కలిపితే ఎంత? ఆ సర్వర్ డీఫాల్ట్‌గా లోకల్‌హోస్ట్ మీదే వింటుంది, బయటి నెట్‌వర్క్‌కు కనిపించదు. షేర్డ్ బఫర్స్‌కు డీఫాల్ట్‌గా తీసుకునేది 128 ఎంబీ. వద్దనుకుంటే సర్వీసును డిసేబుల్ చేస్తే మళ్లీ లేవదు. అంత చిన్న ఖర్చుకు దక్కేది సొంత డేటాబేస్. టేబుల్ కట్టొచ్చు, పడగొట్టొచ్చు, మళ్లీ కట్టొచ్చు. ఎవరినీ అడగక్కర్లేదు, ఎవరి డేటాకూ ప్రమాదం లేదు. క్లయింటు ఒక్కటే పెట్టుకున్నవారికి ఆ జాగా ఉండదు. వారు టైప్ చేసే ప్రతి కమాండూ ఇంకొకరి డేటా మీదికే పోతుంది.

మొదటివారు: చిన్న ఖర్చే అనుకున్నది ఎంత పెద్దదైందో 2003 జనవరి 25న చూశాం. స్లామర్ అనే వర్మ్ 376 బైట్ల ఒకే ఒక్క ప్యాకెట్‌లో, యూడీపీ 1434 పోర్టు మీదుగా వచ్చింది. పది నిమిషాల్లో దాని బారిన పడగల మిషన్లలో ఎక్కువ భాగాన్ని పట్టేసింది. మొత్తం కనీసం 75 వేల మిషన్లు దెబ్బతిన్నాయి. బ్యాంక్ ఆఫ్ అమెరికా ఏటీఎంలు ఆగిపోయాయి. అది వాడుకున్న ఎస్‌క్యూఎల్ సర్వర్ లోపానికి మైక్రోసాఫ్ట్ 2002 జులైలోనే ప్యాచ్ ఇచ్చింది, అంటే ఆరు నెలల ముందే. మరి ఎందుకు వేసుకోలేదు? బద్ధకంతో ఆగినవారు కొందరైతే, తమ మిషన్‌లో డేటాబేస్ సర్వర్ ఉందన్న సంగతే తెలియనివారు ఇంకొందరు. ఎంఎస్‌డీఈ అనే చిన్న ఎస్‌క్యూఎల్ సర్వర్ వేరే సాఫ్ట్‌వేర్ల వెంట కలిసి వచ్చి కూర్చుంది. ఉందని తెలియని సర్వర్‌కు ఎవరు ప్యాచ్ వేస్తారు? ఉబుంటులో ఆ పెద్ద ప్యాకేజీని వేసుకుని, క్లయింటును మాత్రమే వాడుకుంటూ, వెనక సర్వర్ నడుస్తోందని మర్చిపోయినవారి పరిస్థితీ అదే.

రెండోవారు: ఆ ఉదాహరణ బరువు నాకు తెలుసు. తెలియకుండా నడిచే సర్వర్ ప్రమాదమే. కానీ ఆనాటి ఎంఎస్‌డీఈ నెట్‌వర్క్ అంతటికీ చెవి ఒగ్గి కూర్చుంది. ఈనాటి పోస్ట్‌గ్రెస్ లోకల్‌హోస్ట్ దాటి వినాలంటే మనిషి కాన్ఫిగరేషన్ ఫైలు తెరిచి మార్చాలి. పైగా మీరు ఎంతసేపూ మిషన్‌కు వచ్చే ప్రమాదం గురించే మాట్లాడుతున్నారు. నాకు డేటాకు వచ్చే ప్రమాదం గురించి బెంగ. కొత్తగా చేరిన ఉద్యోగి డిలీట్ రాసి, వేర్ షరతు మర్చిపోయి ఎంటర్ కొట్టారనుకోండి. సొంత సర్వర్ మీదైతే పది నిమిషాల్లో టేబుల్ మళ్లీ నింపుకుంటారు, ఆ భయం మాత్రం జీవితాంతం గుర్తుంటుంది. క్లయింటు ఒక్కటే ఉన్న మిషన్‌లో అదే తప్పు చేస్తే కస్టమర్ల డేటా పోతుంది. తప్పు చేయకుండా ఎవరూ ఎస్‌క్యూఎల్ నేర్చుకోలేరు. ఆ తప్పు ఎక్కడ చేయాలన్నదే అసలు ప్రశ్న.

మొదటివారు: తప్పుకు చోటు ఉండాలి, ఒప్పుకుంటాను. ఆ చోటును కాపాడే పని మాత్రం అనుమతులది. లైవ్ డేటాబేస్‌లో కొత్తవారికి చదివే హక్కు మాత్రమే ఉన్న రోల్ ఇస్తే వేర్ మర్చిపోయినా డిలీట్ నడవదు. మైఎస్‌క్యూఎల్ క్లయింటులో సేఫ్ అప్‌డేట్స్ అనే ఆప్షన్ ఉంది. అది పెట్టుకుంటే వేర్‌లో కీ కాలమ్ గానీ, చివర లిమిట్ గానీ లేని అప్‌డేట్, డిలీట్‌లను ఒప్పుకోదు. ఇక లోకల్ సర్వర్ తెచ్చే ఒక చిక్కు వినండి. ఎస్‌ఎస్‌హెచ్ టన్నెల్ వేసి, దూరంగా ఉన్న మైఎస్‌క్యూఎల్‌ను మన మిషన్‌లో 3307 పోర్టుకు తెచ్చుకున్నాం. క్లయింటుకు హోస్ట్ లోకల్‌హోస్ట్ అనీ, పోర్టు 3307 అనీ ఇచ్చాం. యూనిక్స్‌లో ఆ క్లయింటు లోకల్‌హోస్ట్ అన్న పేరు చూడగానే పోర్టు నంబర్‌ను పక్కనపెట్టి మన మిషన్ సాకెట్ ఫైలు దగ్గరికి వెళ్తుంది. అక్కడ లోకల్ సర్వర్ ఉంటే, పాస్‌వర్డ్ కూడా ఒకటే అయితే, నోరెత్తకుండా కనెక్టవుతుంది. స్కీమా మార్పులన్నీ అక్కడే జరుగుతాయి. లైవ్‌లో పని అయిపోయిందనుకుని ఇంటికి వెళ్లిపోతాం. క్లయింటు ఒక్కటే ఉన్న మిషన్‌లోనైతే ఆ సాకెట్ ఫైలే ఉండదు. కనెక్ట్ కాలేనని వెంటనే ఎర్రర్ చెబుతుంది. 127.0.0.1 అని రాయాల్సిందని అక్కడికక్కడే తెలుస్తుంది.

రెండోవారు: చిక్కు నిజమే. కానీ ఫలితం చూడండి. లైవ్ అనుకుని లోకల్‌లో చేసిన తప్పును మర్నాడు పొద్దున్న దిద్దుకోవచ్చు. లోకల్ అనుకుని లైవ్‌లో చేసిన తప్పు అలా కాదు. క్లయింటు ఒక్కటే ఉన్న మిషన్‌లో జనం ఏం చేస్తారు? ప్రతిసారీ హోస్ట్ పేరు టైప్ చేయడం విసుగు కాబట్టి పీజీహోస్ట్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో లైవ్ సర్వర్ పేరు పెట్టేసుకుంటారు. పాస్‌వర్డ్‌ను పీజీపాస్ ఫైలులో దాచేస్తారు. ఇక పీఎస్‌క్యూఎల్ అని కొడితే చాలు, నేరుగా లైవ్‌లో ఉంటారు. ఎర్రర్ వచ్చి కాపాడుతుందన్నారే, ఆ ఎర్రర్‌కు అక్కడ చోటు లేదు.

మొదటివారు: అది క్లయింటు తప్పు కాదు, అలవాటు తప్పు. అయినా సర్వర్ లేకపోతే ఆ అలవాటు తొందరగా పడుతుందన్న మీ మాటలో నిజం ఉంది. దాన్ని నేను తోసిపుచ్చను. అయితే క్లయింటు ఒక్కటే పెట్టుకున్నవారు నేర్చుకునే విషయం ఒకటుంది. సీఎస్‌వీ ఫైలును టేబుల్‌లోకి ఎక్కించడానికి పోస్ట్‌గ్రెస్‌లో కాపీ అనే ఎస్‌క్యూఎల్ కమాండ్ ఉంది. అందులో ఫైలు పేరు ఇస్తే ఆ ఫైలును సర్వర్ తన డిస్కులో వెతుకుతుంది. ముందు బ్యాక్‌స్లాష్ పెట్టిన కాపీ అయితే ఫైలును క్లయింటు మన డిస్కులో చదివి, నెట్‌వర్క్ మీదుగా పంపుతుంది. రెండూ ఒకే మిషన్‌లో ఉన్నవారికి ఈ తేడా అంతగా కనబడదు, ఆ ఫైలును సర్వర్ చదవగలిగితే రెండు రకాలుగానూ పని జరిగిపోతుంది. లైవ్‌కు వెళ్లిన రోజు ఫైలు లేదన్న ఎర్రర్ చూసి తెల్లబోతారు. క్లయింటు ఎక్కడ ఆగుతుంది, సర్వర్ ఎక్కడ మొదలవుతుంది అన్న గీత మొదటి రోజే స్పష్టంగా తెలియాలంటే రెండూ రెండు మిషన్లలో ఉండాలి.

రెండోవారు: ఆ గీత దాటేటప్పుడు వెర్షన్లు కలవకపోతే ఏమవుతుందో కూడా చెప్పుకోవాలి. సర్వర్ ప్యాకేజీతో వచ్చిన క్లయింటు ఆ సర్వర్‌కు సరిజోడుగా ఉంటుంది. విడిగా తెచ్చుకున్న క్లయింటు దేనికీ జోడు కాదు. పోస్ట్‌గ్రెస్ ఏటా ఒక పెద్ద వెర్షన్ విడుదల చేస్తుంది. 2019లో వచ్చిన 12వ వెర్షన్‌లో పాత ఓఐడీ కాలమ్‌ల ఏర్పాటును తీసేశారు. 11వ వెర్షన్ పీఎస్‌క్యూఎల్‌తో ఆ సర్వర్‌కు కనెక్టయి, టేబుల్ వివరాల కోసం బ్యాక్‌స్లాష్ డీ కొడితే, రెల్‌హ్యాజ్‌ఓఐడీస్ అనే కాలమ్ లేదంటూ ఎర్రర్ వస్తుంది. తమ టేబుల్‌లో అలాంటి కాలమ్ ఎప్పుడూ లేదే అని కొత్తవారు తల పట్టుకుంటారు. నిజానికి ఆ కాలమ్‌ను అడిగింది క్లయింటు, తన కాలంనాటి సిస్టమ్ టేబుల్ రూపాన్ని గుర్తుపెట్టుకుని. మరియాడీబీ సంగతీ చూడండి. 2024లో వారు భద్రత కోసం డంప్ ఫైలు మొదటి వరుసలో శాండ్‌బాక్స్ గుర్తు ఒకటి చేర్చారు. పాత క్లయింటుతో ఆ డంప్‌ను ఎక్కించబోతే మొదటి వరుస దగ్గరే ఆగిపోయింది.

మొదటివారు: ఇవి చికాకులు. దిద్దుకోగలిగినవే.

రెండోవారు: గిట్‌ల్యాబ్‌కు జరిగింది చికాకు కాదండీ. 2017 జనవరి 31 రాత్రి అక్కడి ఇంజనీరు ఒకరు, రెండో డేటాబేస్ మిషన్ మీద ఉన్నాననుకుని మొదటి దాని డేటా డైరెక్టరీని తుడిచేశారు. పొరపాటని తెలిసి ఆపేసరికి దాదాపు 300 జీబీ పోయింది. సరే, రోజూ తీసే డంప్‌లు ఉన్నాయి కదా అని చూస్తే అవి దాచిన చోటు ఖాళీ. ఎందుకు? సర్వర్ వెర్షన్ 9.6, డంప్ తీసే ప్రోగ్రామ్ వెర్షన్ 9.2. తనకంటే కొత్త పెద్ద వెర్షన్ సర్వర్ నుంచి డంప్ తీయనని పీజీడంప్ మొరాయించింది. అసలు 9.2 ఎందుకు నడిచింది? వారి ప్యాకేజీ ఏ వెర్షన్ వాడాలో డేటా డైరెక్టరీలోని వెర్షన్ ఫైలు చూసి నిర్ణయించుకుంటుంది. డంప్ నడిచింది యాప్ మిషన్‌లో. అక్కడ డేటా డైరెక్టరీ లేదు, అందుకే పాత వెర్షన్‌ను పట్టుకుంది. పని విఫలమైందని చెప్పే మెయిళ్లు కూడా తిరస్కరణకు గురై ఎవరికీ చేరలేదు. అదృష్టవశాత్తు ఆరు గంటల ముందు తీసిన డిస్కు స్నాప్‌షాట్ ఒకటి ఉంది కాబట్టి ఆ ఆరు గంటల డేటా పోవడంతోనే గండం గడిచింది. ఇదంతా వారే బయటపెట్టారు. మీరు మెచ్చుకునే ఏర్పాటు అదే కదా? సర్వర్ లేని మిషన్‌లో క్లయింటు పనిముట్లు.

మొదటివారు: మీ చేతిలో ఉన్న బలమైన ఉదాహరణ అదే. దాన్ని తేలిగ్గా తీసుకోను. సర్వర్ లేని చోట క్లయింటు వెర్షన్‌ను గుర్తుపెట్టుకునేది ఎవరూ ఉండరు, మనిషే గుర్తుపెట్టుకోవాలి. ఇది నా పక్షం మోయవలసిన భారం, మోస్తాను. కానీ ఒక్కటి ఆలోచించండి. ఆ యాప్ మిషన్‌లో సర్వర్ కూడా పెట్టి ఉంటే మేలు జరిగేదా? అక్కడి సర్వర్ వెర్షన్ వేరు, డేటాబేస్ మిషన్‌లోని వెర్షన్ వేరు అయి ఉంటే అదే కథ. మీ ల్యాప్‌టాప్‌లో 14 నడుస్తూ లైవ్‌లో 16 ఉంటే సరిజోడు ఎక్కడిది? జోడు కుదరాల్సింది దూరంగా ఉన్న సర్వర్‌తో. అలా కుదర్చడం క్లయింటు ఒక్కటే ఉన్న మిషన్‌లోనే తేలిక. కొత్త పీజీడంప్ పాత సర్వర్ల నుంచి డంప్ తీయగలదు కాబట్టి క్లయింటును ఎప్పుడూ సర్వర్ కంటే ముందే అప్‌గ్రేడ్ చేసి ఉంచుకోవచ్చు. క్లయింటులో డేటా ఉండదు. తీసేసి కొత్తది పెట్టడానికి నిమిషం చాలు. సర్వర్‌ను పెద్ద వెర్షన్‌కు మార్చాలంటే డేటా డైరెక్టరీని కూడా మార్చుకోవాలి, పాత క్లస్టర్ ఉంచాలా తీసేయాలా తేల్చుకోవాలి. ఆ శ్రమకు జంకి జనం ల్యాప్‌టాప్‌లో పాత సర్వర్‌నే ఏళ్ల తరబడి ఉంచుకుంటారు.

రెండోవారు: సరే, మీ సూత్రాన్నే చివరిదాకా లాగుదాం. అక్కర్లేనిది మిషన్‌లో ఉండకూడదంటే క్లయింటు మాత్రం ఎందుకు? డేటాబేస్ ఉన్న మిషన్‌లోకి ఎస్‌ఎస్‌హెచ్‌తో వెళ్లండి. అక్కడి పీఎస్‌క్యూఎల్ వెర్షన్ సర్వర్‌తో ఎప్పుడూ సరిపోతుంది. ల్యాప్‌టాప్‌లో పాస్‌వర్డ్ దాచాల్సిన పనే లేదు.

మొదటివారు: అక్కడికి వెళ్లినవారికి అవసరానికి మించిన అధికారం చేతికొస్తుంది. ఉబుంటు, డెబియన్ డీఫాల్ట్ ఏర్పాటులో డేటాబేస్ మిషన్ మీద పోస్ట్‌గ్రెస్ యూజర్‌గా మారగలిగినవారిని పాస్‌వర్డ్ అడగకుండానే సూపర్‌యూజర్‌గా రానిస్తారు. రెండు క్వెరీలు నడపాల్సిన మనిషికి ఆ మిషన్‌లో షెల్ ఇవ్వడం ఎందుకు? డేటా డైరెక్టరీని తుడవగలిగేది ఆ షెల్ నుంచే. గిట్‌ల్యాబ్‌లో జరిగింది కూడా అక్కడే కదా. నెట్‌వర్క్ మీదుగా, పరిమితమైన రోల్‌తో వచ్చే క్లయింటు ఆ పని చేయలేదు. ఎంత దూరం వెళ్లాలో అంతదూరమే వెళ్లనిస్తుంది కాబట్టే క్లయింటు కావాలంటున్నాను.

రెండోవారు: క్లయింటు ఒట్టి అమాయక వస్తువన్నట్టు మాట్లాడుతున్నారు. 2025 ఆగస్టులో పోస్ట్‌గ్రెస్ బృందం దిద్దిన లోపాల్లో ఒకదాన్ని చూడండి. డంప్ తీసిన సర్వర్ మీద సూపర్‌యూజర్‌గా ఉన్న దుర్మార్గుడు, ఆ డంప్‌లోకి పీఎస్‌క్యూఎల్ సొంత కమాండ్లను చొప్పించగలడు. దాన్ని మన మిషన్‌లో పీఎస్‌క్యూఎల్‌తో ఎక్కించిన క్షణాన అవి మన ఖాతాతోనే నడుస్తాయి. మైఎస్‌క్యూఎల్‌లో లోడ్ డేటా లోకల్ అనే సదుపాయం ఉంది. అది తెరిచి ఉంటే, మోసపు సర్వర్ క్లయింటు వైపు ఉన్న ఫైళ్లనే పంపమని అడగగలదు. పైగా ఒక్కో ల్యాప్‌టాప్‌లో ఒక్కో క్లయింటు ఉందంటే, ఒక్కో ల్యాప్‌టాప్‌లో లైవ్ పాస్‌వర్డ్ ఒకటి, టైప్ చేసిన క్వెరీల చరిత్ర ఫైలు ఒకటి కూడా ఉన్నాయన్నమాట. ఆ ల్యాప్‌టాప్ బస్సులో పోగొట్టుకుంటే? సొంత సర్వర్ ఉండి, లైవ్ పాస్‌వర్డ్ లేని ల్యాప్‌టాప్ పోతే పోయేది ల్యాప్‌టాపే. ఎవరి మిషన్‌లో ఏ ప్యాకేజీ ఉందన్న దాని కంటే ఎవరి చేతిలో ఏ తాళం ఉందన్నదే ముఖ్యం. సొంత సర్వర్ ఇస్తే చాలామందికి లైవ్ తాళం ఇవ్వక్కర్లేదు.

మొదటివారు: చివరి మాటకు నా దగ్గర ఎదురు మాట లేదు. కోడ్ రాసే మనిషికి లైవ్ పాస్‌వర్డ్ లేకుండా పని జరిగేటట్టయితే ఇవ్వకూడదు. కానీ సపోర్ట్‌లో ఉండే మనిషి, రిపోర్టులు తీసే మనిషి, బ్యాకప్ చూసే మనిషి లైవ్‌కు వెళ్లక తప్పదు. వారికి సొంత సర్వర్‌తో పని లేదు. ఇక అభ్యాసం కోసం డేటాబేస్ కావాలంటే ఇవాళ డాకర్ ఉంది. కావలసినప్పుడు కంటైనర్ లేపడం, అయిపోగానే తీసేయడం. లైవ్‌లో ఏ వెర్షన్ ఉందో అదే వెర్షన్ ఇమేజీ తెచ్చుకోవచ్చు. మిషన్‌లో శాశ్వతంగా క్లయింటు, అవసరం ఉన్నంతసేపు సర్వర్. మీరు అడిగిన జాగా దొరికింది, నేను వద్దన్న మర్చిపోయిన సర్వర్ పోయింది.

రెండోవారు: పోలేదండీ, వేషం మార్చింది. జనం కంటైనర్ లేపేటప్పుడు పోర్టు ఎలా ఇస్తారు? 5432 రాసి, రెండు చుక్కలు పెట్టి, మళ్లీ 5432. అలా ఇస్తే డాకర్ ఆ పోర్టును లోకల్‌హోస్ట్ మీద మాత్రమే కాక మిషన్‌కున్న అన్ని నెట్‌వర్క్ చిరునామాల మీదా తెరుస్తుంది. ఉబుంటులో యూఎఫ్‌డబ్ల్యూ ఫైర్‌వాల్‌తో ఆ పోర్టును మూశామనుకున్నా లాభం లేదు. డాకర్ రాసుకునే నియమాలు యూఎఫ్‌డబ్ల్యూ నియమాల కంటే ముందే ప్యాకెట్‌ను లోపలికి పంపేస్తాయి. ఊహించడం తేలికైన పాస్‌వర్డ్‌తో, బయటికి తెరుచుకున్న పోర్టుతో, తాత్కాలికమని పేరుపెట్టి నెలల తరబడి నడిచే సర్వర్ అది. మీరు వద్దన్న పాత ఉబుంటు ప్యాకేజీ కనీసం లోకల్‌హోస్ట్ దాటదు.

మొదటివారు: ఇది నాకు గట్టిగా తగిలిన దెబ్బ. పోర్టు ముందు 127.0.0.1 అని రాయాలి, చాలామంది రాయరు. కానీ మీ ఉదాహరణ నా మాటనే బలపరుస్తోంది. ప్యాకేజీగా వచ్చినా కంటైనర్‌గా వచ్చినా సర్వర్ అంటే బాధ్యత. పోర్టు చూసుకోవాలి, పాస్‌వర్డ్ చూసుకోవాలి, ప్యాచ్ చూసుకోవాలి. కోరి తెచ్చుకున్నవారు చూసుకుంటారేమో, వెంట వచ్చింది కదా అని ఉంచుకున్నవారు చూసుకోరు.

రెండోవారు: ఆ బాధ్యత ఎప్పుడూ మోయని మనిషికి డేటాబేస్ ఎలా అర్థమవుతుంది? కొళాయి తిప్పితే నీళ్లొస్తాయని మాత్రమే తెలిసినట్టు, క్వెరీ కొడితే వరుసలు వస్తాయని తెలుస్తుంది. కనెక్షన్ల పరిమితి నిండితే ఏమవుతుందో, డిస్కు నిండితే సర్వర్ ఎలా ఆగుతుందో, కరెంటు పోయి వచ్చాక లాగ్ చదువుకుని తనను తాను ఎలా సరిచేసుకుంటుందో సొంత సర్వర్ ఉన్నవారు కళ్లారా చూస్తారు. బీటెక్ డీబీఎంఎస్ ల్యాబ్‌లో క్లయింటు తెర ఒక్కటే చూసి బయటికొచ్చిన విద్యార్థికి, సర్వర్ లాగ్ ఫైలు ఎక్కడుంటుందో కూడా తెలియదు. ఎనిమిది జీబీల ల్యాప్‌టాప్‌లో నడుస్తుంది సొంత సర్వర్. విద్యార్థిని ఈ చదువుకు దూరం చేయడం నాకు బాధగా ఉంటుంది.

మొదటివారు: సొంత సర్వర్ నేర్పనివీ ఉన్నాయి. ల్యాప్‌టాప్‌లో పీఎస్‌క్యూఎల్ ప్రాంప్ట్ చివర హ్యాష్ గుర్తు ఉంటుంది, అంటే మీరు సూపర్‌యూజర్. ఆ గుర్తుకు కళ్లు అలవాటుపడతాయి. ఏ టేబుల్ ముట్టుకున్నా ఎవరూ కాదనరు. వంద వరుసలున్న టేబుల్‌కు కాలమ్ రకం మారిస్తే రెప్పపాటులో అయిపోతుంది. అదే మార్పు కోట్ల వరుసలున్న లైవ్ టేబుల్ మీద నడిపితే టేబుల్ మొత్తం తిరగరాయాల్సి రావచ్చు. అంతసేపూ చదివే క్వెరీలు కూడా లాక్ కోసం వరుసకట్టి నిలబడతాయి. ట్రాన్సాక్షన్ తెరిచి భోజనానికి వెళ్లిపోతే, ల్యాప్‌టాప్‌లో ఎవరికీ నష్టం లేదు. లైవ్‌లో మీరు పట్టుకున్న లాక్ వెనక పది మంది ఆగిపోతారు. ప్రాంప్ట్‌లో కనిపించే నక్షత్రం గుర్తు, ట్రాన్సాక్షన్ ఇంకా తెరిచే ఉందని చెబుతుంది. క్లయింటుతో దూరపు సర్వర్ మీద, తక్కువ హక్కులతో, నలుగురి మధ్య పనిచేసినవారికే ఆ చిన్న గుర్తు విలువ తెలుస్తుంది. ఒంటరిగా నేర్చుకున్న డేటాబేస్ సగం డేటాబేసే.

రెండోవారు: నలుగురి మధ్య నేర్చుకోవడం మంచిదే, ఆ నలుగురి డేటా పణంగా పెట్టనంతవరకు. అందుకే సూటిగా అడుగుతున్నాను. కొత్తగా చేరిన మనిషికి మొదటి రోజు మీరిచ్చేది క్లయింటు ఒక్కటే. ఆయన మొదటి తప్పుడు డిలీట్ ఏ మిషన్ మీద పడుతుంది?

మొదటివారు: అందరూ పంచుకునే టెస్ట్ సర్వర్ ఉన్న ఆఫీసులో టెస్ట్ మీద పడుతుంది. లేని ఆఫీసులో నా వాదన కుంటుతుంది, దాచను. ఇప్పుడు నేనడుగుతాను. ఆయనకు మీరిచ్చిన సొంత సర్వర్‌కు రెండేళ్ల తర్వాత ప్యాచ్ వేసేది ఎవరు? అది అక్కడ ఉందని గుర్తున్నవారు ఎవరు?

రెండోవారు: మిషన్లకు అప్‌డేట్లు పద్ధతిగా పంపే ఆఫీసులో ఆ పద్ధతే వేస్తుంది. లేని ఆఫీసులో ఎవరూ వేయరు. నేనూ దాచను.

మొదటివారు: టెస్ట్ సర్వర్ లేదు, అప్‌డేట్ల పద్ధతీ లేదు. అలాంటి ఆఫీసుకు ఏం చెబుతారు?

రెండోవారు: ముందు సొంత సర్వర్ పెట్టుకోమంటాను. లోకల్‌హోస్ట్ దాటని పాత సర్వర్ వల్ల మహా అయితే ఒక ల్యాప్‌టాప్‌కు ముప్పు. చేయి తిరగని మనిషికి లైవ్ క్లయింటు ఇస్తే అందరి డేటాకూ ముప్పు.

మొదటివారు: నేను క్లయింటు ఒక్కటే, అదీ చదివే హక్కుతోనే ఇమ్మంటాను. ఎవరూ పట్టించుకోని చోట మిషన్‌లో ఎంత తక్కువ ఉంటే అంత మేలు. క్లయింటును మర్చిపోయినా అది తనంతట తాను ఏ పోర్టూ తెరవదు. మర్చిపోయిన సర్వర్ వల్ల మహా అయితే ఒక మిషన్‌కే ముప్పని 2003లో కూడా అనుకున్నారు.

రెండోవారు: ఆ చదివే హక్కు రోల్‌ను ఎవరూ పట్టించుకోని ఆఫీసులో ఎవరు తయారుచేస్తారండీ? అక్కడ అందరి చేతిలో ఉండేది ఒకే పాస్‌వర్డ్, దానికి అన్ని హక్కులూ ఉంటాయి. తాను ఏ మిషన్ మీద ఉన్నదీ తనకు తెలుసనే 2017లో ఆ ఇంజనీరూ అనుకున్నారు. రోజూ డేటాబేస్‌లతోనే పనిచేసే అనుభవజ్ఞుడికే అలా జరిగితే, మొన్న చేరిన మనిషి సంగతేమిటి?